అడగడానికి తావున్న సభ
(గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో, ఆయన్ని చదువుకునే రోజుల్లో కళాశాల నుంచి వెళ్లగొట్టారు. కళాశాలల్లో వర్తమాన సమస్యల మీద సభలు జరగాలా, చర్చలు జరగాలా అన్న విషయం మాట్లాడదలచుకున్నాను కాబట్టి ఆ సంఘటనతోనే మొదలుపెడతాను.

1907 ఏప్రిల్‌లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. విశాఖపట్నం, విజయనగరం, కాకినాడల్లో మాట్లాడి రాజమండ్రి చేరుకున్నారు. ముట్నూరి కృష్ణారావు గారు ఆయన వెంట తిరిగారు. రాజమండ్రిలో పాల్ కొన్ని రోజుల పాటు వరసగా ఉపన్యసించారు. స్వదేశీ, విదేశీ వస్తు బహిష్కారం, జాతీయ విద్య, స్వరాజ్యం ఆయన ఎత్తుకున్న విషయాలు. ఆయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అక్కడికక్కడే తెలుగులో వినిపించారు. ఆ సందర్భంలో చిలకమర్తి వారు చెప్పిన పద్యం ఆంధ్రదేశమంతటా జనం నోళ్లలో నానింది. ఇంగ్లీషు చదువుకున్న కొద్దిమందికే అందవలసిన మాట చిలకమర్తి వారి వల్ల బజారుకు, బడికి, వంటింటికి చేరింది.

ఆ సభలకు వెళ్లినవారిలో కళాశాల విద్యార్థులు చాలామంది. వాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ తీసేయమన్నారు. తీసేది లేదన్నారు విద్యార్థులు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుతున్న హరిసర్వోత్తమరావు గారిని బహిష్కరించారు, ఇంకా ఎందరినో సస్పెండ్ చేశారు. కర్నూలు నుంచి వెళ్లి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పెద్ద చదువు చదివి, పంతులు కావాలని రాజమండ్రి వచ్చిన 23 ఏళ్ల యువకుడాయన. సర్కారు కొలువుకు దారి అక్కడితో మూసుకుపోయింది.

అదే ఏడాది మే నెలలో భారత ప్రభుత్వం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. హోం శాఖ కార్యదర్శి రిస్లే పేరుతో చరిత్రలో నిలిచిపోయిన కాగితం అది. విద్యార్థులు, ఉపాధ్యాయులు రాజకీయాల్లో తలదూర్చకూడదనీ, తలదూర్చనిచ్చిన విద్యాసంస్థలకు గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులకు పోటీపడే హక్కు, గుర్తింపు పోతాయనీ దాని సారాంశం. అంతకు రెండేళ్ల ముందు బెంగాల్లో కార్లైల్ సర్క్యులర్ చేసిన పనినే ఇది దేశమంతటికీ విస్తరించింది. ఒక ఉపన్యాసానికి ఎంత బలముందో దాన్ని ఆపాలనుకున్నవాళ్లకు బాగా తెలుసు.

హంటర్ గారు ఏం చేసి ఉండవలసింది? ఆయన పరాయి ప్రభుత్వపు ఉద్యోగి, ఆయన నుంచి ఏం ఆశించగలం అని మీరనవచ్చు. నిజమే. అయినా ఆ ప్రశ్న వేసుకోవాలి, ఎందుకంటే దాని జవాబు హంటర్ గారికంటే మనకే ఎక్కువ అవసరం. పాల్ మహావక్త. ఆయన మాట్లాడుతుంటే జనం ఊగిపోయారు. అలాంటి సభలో చప్పట్లుంటాయి, నినాదాలుంటాయి, కన్నీళ్లుంటాయి. ప్రశ్నకు మాత్రం తావుండదు. బహిష్కారం మొదలైతే మన మగ్గాలు ఊరందరికీ సరిపడా బట్ట నేయగలవా? ఖరీదు పెరిగితే కూలివాడు ఏం కట్టుకోవాలి? సర్కారు బడి వదిలేసిన పిల్లవాడికి జాతీయ పాఠశాల ఎక్కడుంది, దానికి డబ్బెవరిస్తారు? అదే ఊళ్లో న్యాపతి సుబ్బారావు గారి వంటి మితవాదులున్నారు. పాల్ దేశభక్తిని వాళ్లు శంకించలేదు కానీ ఆయన మార్గంతో ఏకీభవించలేదు. వాళ్లని ఒక పక్క, హరిసర్వోత్తమరావు గారిని, ఆయన సహాధ్యాయులను మరో పక్క కూర్చోబెట్టి, కళాశాల హాలు తలుపులు తెరిచి వాదించండి అని ఉంటే ఆ చర్చ ఎంత గొప్పగా ఉండేదో ఊహించండి. మైదానంలో విన్నదాన్ని మర్నాడు విడదీసి చూడడానికే కదా కళాశాల ఉన్నది! ఆ పని చేయకుండా కళాశాల బ్యాడ్జీలు లెక్కపెట్టింది.

హరిసర్వోత్తమరావు గారు తర్వాత ఏమయ్యారో మీలో చాలామందికి తెలుసు. విజయవాడ నుంచి 'స్వరాజ్య' వారపత్రిక నడిపారు. 1908లో తిరునెల్వేలి కాల్పుల మీద వచ్చిన రచనకు రాజద్రోహ నేరం కింద మూడేళ్లు కఠిన శిక్ష అనుభవించారు. ఆ పైన జీవితమంతా గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు ధారపోశారు. పంతులు కాకూడదని శాసించబడ్డ మనిషి చదువురాని పెద్దలందరికీ పంతులయ్యారు. ఇది నాకు ఎప్పుడు తలచుకున్నా గుండె నిండే విషయం.

రాజమండ్రి కళాశాలకు ఎప్పుడూ అలాంటి భయమే ఉండేదనుకోకండి. ఒక తరం వెనక్కి వెళ్తే అక్కడే ఇంకో కథ ఉంది. కందుకూరి వీరేశలింగం గారు ఆ కళాశాలలో తెలుగు పండితులు. 1879లో ఆయన వితంతు వివాహం మీద బహిరంగోపన్యాసం చేశారు. అప్పటికి రాజమండ్రిలో అంతకంటే మంట పుట్టించే విషయం లేదు. పండితులు శాస్త్రవచనాలతో ఎదురు నిలిచారు. సభలు పెట్టారు, కాగితాలు అచ్చువేశారు. వాళ్ల ఆక్షేపణలకు జవాబుగా వీరేశలింగం గారు అదే ఏడాది మరో ఉపన్యాసం చేశారు. ఈ రెండో ఉపన్యాసం మీద మనం చూపవలసినంత శ్రద్ధ చూపలేదని నా అభిప్రాయం. మొదటిది ఎవరైనా చేయగలరు. ఎదుటివాడి మాటలు పూర్తిగా విని, అతని ప్రమాణాలనే చేతిలోకి తీసుకుని, పరాశర స్మృతి మొదలుకొని ఒక్కో ఆక్షేపణకూ జవాబు చెప్పడానికి వేరే ఓర్పు కావాలి. ఎదుటి పక్షం లేకపోతే వీరేశలింగం గారి వాదం అంత పదునెక్కేది కాదు.

ఆయన చుట్టూ చేరింది కళాశాల విద్యార్థులు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిగినప్పుడు పురోహితులు ముఖం చాటేశారు, బంధువులు దూరమయ్యారు, వంటవాళ్లు రాలేదు. అండగా నిలబడినవాళ్లలో ఆ కుర్రాళ్లే ముందున్నారు. పైడా రామకృష్ణయ్య గారు కాకినాడ నుంచి డబ్బిచ్చి ఆదుకున్నారు. మొదటి ఉపన్యాసానికి, మొదటి పెళ్లికి మధ్య రెండేళ్లకు పైగా గడిచింది. ఆ రెండేళ్లూ ఊరు వాదించుకుంటూనే ఉంది. ఒక్కరోజు సభతో మనసులు మారిపోవు. నేటి కళాశాలల్లో మనం ఒక రోజు కార్యక్రమం పెట్టి, బ్యానర్ దించేసి, ఆ సమస్య తీరిపోయిందనుకుంటాం. వీరేశలింగం గారి కాలపు రాజమండ్రి ఒకే విషయాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చుంది.

ఇప్పుడు కలకత్తా సంగతి ఒకటి చెప్పాలి. సభాధ్యక్షుడి బాధ్యత ఏమిటో నాకు బోధపరచిన సంఘటన అది. హిందూ కళాశాలలో డెరోజియో అనే యువ అధ్యాపకుడుండేవాడు. 1828 ప్రాంతంలో శిష్యులతో అకడమిక్ అసోసియేషన్ పెట్టి విధి, విశ్వాసం, విగ్రహారాధన, దేశభక్తి వంటి విషయాల మీద వాదోపవాదాలు నడిపాడు. పెద్దలకు కోపం వచ్చింది. 1831లో ఆయన కళాశాల వదలవలసి వచ్చింది, ఆ ఏడాది చివరే కలరాతో 22 ఏళ్లకే చనిపోయాడు. ఆయన శిష్యులు 1838లో విజ్ఞాన సముపార్జన కోసం మరో సంఘం పెట్టుకున్నారు. సభలు హిందూ కళాశాల హాల్లోనే జరిగేవి.

1843 ఫిబ్రవరిలో ఆ హాల్లో దక్షిణారంజన్ ముఖోపాధ్యాయ ఒక వ్యాసం చదువుతున్నాడు. బెంగాల్లో కంపెనీవారి న్యాయస్థానాలు, పోలీసులు ఎలా ఉన్నాయన్నది విషయం. ప్రిన్సిపాల్ రిచర్డ్‌సన్ మధ్యలో లేచి అడ్డుకున్నాడు. ఈ హాలును రాజద్రోహుల అడ్డా కానివ్వనన్నాడు. రిచర్డ్‌సన్ మామూలు మనిషి కాదు. షేక్స్‌పియర్ పాఠం చెప్పడంలో ఆయనకు సాటి లేరని పేరు. ఆ సభలో ఉన్నవాళ్లలో చాలామందికి ఆయనంటే గౌరవం. ఆ రోజు అధ్యక్షస్థానంలో ఉన్న తారాచంద్ చక్రవర్తి లేచి, మీరిక్కడ ప్రేక్షకులుగా వచ్చారు, మా సభ్యుడి మాటకు అడ్డు తగిలే హక్కు మీకు లేదు, అన్నమాట వెనక్కి తీసుకోండి, లేకపోతే ఈ విషయం కళాశాల కమిటీ ముందు, అవసరమైతే ప్రభుత్వం ముందు పెడతాం అని స్పష్టంగా చెప్పాడు. ఆ తర్వాత సంఘం తన సభలను కళాశాల బయటికి మార్చుకుంది.

తారాచంద్ ఆ రోజు ఏం చేశాడో గమనించండి. దక్షిణారంజన్ చెప్పిన ప్రతి మాటతో తాను ఏకీభవిస్తున్నానని అనలేదు. ఆయన కాపాడింది వక్త మాట పూర్తయ్యే హక్కును. మన సభల్లో అధ్యక్షుడు మొదట అరగంట తానే మాట్లాడి, చివర్లో వక్త మాటల్నే తిరిగి చెప్పి, మధ్యలో ఎవరైనా అడ్డు తగిలితే వక్తనే ముగించమని చీటీ పంపుతాడు. అధ్యక్షత అంటే శాలువా కప్పించుకునే కుర్చీ అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. అది పోవాలి. కాలం పాటింపజేయడం, మాట సాగనివ్వడం, ప్రశ్నను కాపాడడం, బూతును ఆపడం అధ్యక్షుడి పనులు. వాటికి ధైర్యం కావాలి, అభ్యాసం కావాలి. విద్యార్థులకు వక్తృత్వంలో శిక్షణ ఇస్తాం. అధ్యక్షత వహించడంలో శిక్షణ ఇచ్చిన కళాశాలను నేను చూడలేదు.

హరిసర్వోత్తమరావు గారు విజ్ఞానచంద్రికా గ్రంథమాల కోసం ఏబ్రహాం లింకన్ జీవిత చరిత్ర రాశారు. లింకన్ పేరెత్తగానే మనకు బానిసత్వ నిర్మూలన, హత్య గుర్తుకొస్తాయి. 1858లో ఇలినాయ్ రాష్ట్రంలో సెనేట్ స్థానం కోసం ఆయన స్టీఫెన్ డగ్లస్‌తో ఏడు ఊళ్లలో చేసిన వాదాలు అంతకంటే ముందు గుర్తుకు రావాలి. అయిదో వాదం అక్టోబరు 7న గేల్స్‌బర్గ్‌లో నాక్స్ కళాశాల భవనం ఎదుట జరిగింది. చలిగాలి కొడుతుంటే వేదికను భవనం గోడకు ఆనించి వేశారు. వక్తలు కిటికీలోంచి దిగి వేదిక మీదికి వచ్చారు. వేలమంది ఆరుబయట నిలబడి మూడు గంటలు విన్నారు. అమెరికా కొత్త ప్రాంతాల్లోకి బానిసత్వాన్ని రానివ్వాలా వద్దా అన్నది విషయం. ఎవరి ప్రాంతం వాళ్ల ఇష్టమన్నాడు డగ్లస్. బానిసత్వం అధర్మమని, అధర్మాన్ని ఓట్లతో ధర్మం చేయలేరని లింకన్ వాదించాడు.

వాళ్లు పెట్టుకున్న కాలనియమం చూడండి. మొదటి వక్తకు గంట. రెండోవాడికి గంటన్నర. మళ్లీ మొదటివాడికి అరగంట. మొదలుపెట్టే అవకాశం ఊరు ఊరికీ మారుతుంది. నూటయాభై ఏళ్లకు పైబడిన కిందటి కాలపు ఆ రైతులు, కూలీలు, విద్యార్థులు ఎదుటివాడి వాదం గంటన్నర సేపు విన్నారు. పత్రికలవాళ్లు షార్ట్‌హ్యాండులో మాట పొల్లుపోకుండా రాసుకుని అచ్చువేశారు. ఆ ఎన్నికలో లింకన్‌కు సెనేట్ స్థానం దక్కలేదు. ఆయన ఆ పత్రికల ముక్కలన్నీ జాగ్రత్తగా దాచి, ప్రత్యర్థి ఉపన్యాసాలతో సహా 1860లో పుస్తకంగా తెచ్చాడు. తన మీద గెలిచినవాడి మాటల్ని కూడా యథాతథంగా అచ్చువేయించాడు. ఆ ఏడాదే అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

భాష సంగతి ఒక్కమాటలో చెబుతాను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో కర్వే గారి అధ్యక్షతన సంఘసంస్కార మహాసభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను నిశ్శబ్దంగా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి కూర్చోబెట్టింది. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. తెలంగాణలో ఆ పైన వచ్చిన గ్రంథాలయాలకు, ఆంధ్ర మహాసభకు అదే మొదలు. 1929లో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 తెచ్చి సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి ఉండాలని కట్టడి చేసింది. ఈ రెండూ కలిపి చూస్తే మనకు కావలసింది తెలుస్తుంది: మాట్లాడే స్వేచ్ఛ, మాట్లాడే భాష. ఇవాళ కళాశాలల్లో ఇంగ్లీషు తడబడుతుందన్న భయంతో నోరు విప్పని పిల్లలు వందల్లో ఉన్నారు. మన్యం నుంచి వచ్చి కోయభాషలో ఆలోచించే పిల్ల తెలుగులో అడగడానికే వెనకాడుతుంది. ప్రశ్న ఏ యాసలో వచ్చినా ఆ యాసలోనే వినాలి.

ఇక మన కాలానికి వస్తాను. డిగ్రీ కళాశాలల్లో ఇప్పుడు సభలు తక్కువేమీ లేవు. వారానికొకటి జరుగుతోంది. వ్యక్తిత్వ వికాసం మీద ఒకరు వచ్చి మాట్లాడతారు. పోటీ పరీక్షల మీద ఇంకొకరు. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, శాలువాలు, జ్ఞాపికలు, అతిథి పరిచయం అయ్యేసరికి గంట గడుస్తుంది. చివర్లో ఎవరైనా ప్రశ్నలుంటే అడగండి అంటారు, ఆ వెంటనే వందన సమర్పణ మొదలవుతుంది. ఫొటోలు కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైల్లోకి వెళ్తాయి. అధ్యాపకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఖాళీ పోస్టులతో, రెట్టింపు తరగతులతో వాళ్లు నలిగిపోతున్నారు. తప్పు మనం ఎంచుకునే విషయంలో ఉంది. సెల్‌ఫోన్ వరమా శాపమా అన్న చర్చలో ఎవరికీ ఏమీ పోదు, ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఆ హాల్లో కూర్చున్న పిల్లల ఇళ్లలో రాత్రిపూట అన్నం దగ్గర జరిగే చర్చ వేరు.

అలాంటి విషయం ఒకటి తీసుకుందాం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గోదావరి డెల్టాలో నీళ్లుండి కూడా పొలాలు బీడుపెట్టారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఆ ధర గిట్టుబాటు కాదన్నారు రైతులు. కూలి రేట్లు పెరిగాయి, నాట్లకు మనుషులు దొరకడం లేదు, మురుగు కాలువలు పూడిపోయి వర్షానికి చేలు మునిగిపోతున్నాయి, నీళ్లు ఆలస్యంగా వదలడం వల్ల పంట తుఫాన్ల నెలలకు జరుగుతోంది అన్నారు. ఇది నాణేనికి ఒక వైపు. పొలం బీడుపెట్టే నిర్ణయం భూమి ఉన్నవాడిదా, కౌలు చేసేవాడిదా? డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలు రైతులే అయినప్పుడు వాళ్లని అడిగారా? నాట్ల మీద, కోతల మీద బతికే ఆడకూలీలకు ఆ నాలుగు నెలలు తిండి ఎక్కడిది? ఉపాధి హామీ పనుల వల్లే కూలీలు దొరకడం లేదన్న ఆరోపణలో నిజమెంత?

ఆ రోజుల్లో కోనసీమ కళాశాలల తరగతి గదుల్లో ఒకే బెంచీ మీద భూమి గలవారి అబ్బాయి, కౌలు రైతు కొడుకు, వ్యవసాయ కూలీ కూతురు కూర్చున్నారు. దేశంలో ఏ కమిటీకీ అందుబాటులో లేనంత సాక్ష్యం ఆ బెంచీ మీద ఉంది. వాళ్లని ఒక సాయంత్రం కూర్చోబెట్టి, పంట విరామం న్యాయమైన నిరసనే అన్న తీర్మానం పెట్టి, అనుకూలంగా ఇద్దరిని, ప్రతికూలంగా ఇద్దరిని మాట్లాడించి, నీటిపారుదల శాఖ ఇంజనీరును, రైసు మిల్లరును, ఒక కౌలు రైతును, ఒక కూలీ తల్లిని పిలిచి ప్రశ్నలడగనిచ్చి ఉంటే! అర్థశాస్త్రం పాఠంలోని గిట్టుబాటు ధర, రాజనీతిశాస్త్రంలోని నిరసన హక్కు ఆ సాయంత్రం ఒకచోట కలిసేవి.

పోలవరం తీసుకోండి. పూర్తి జలాశయ మట్టం 45.72 మీటర్లు అని విద్యార్థులు పరీక్షలో రాస్తారు. ఆ మట్టం దగ్గర ఏ ఊరి బడి మునుగుతుందో, ఆ ఊరి పిల్ల మన హాస్టల్లోనే ఉందో లేదో అడగరు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఆ ప్రాజెక్టు జాతీయ హోదా పొందింది, ఆ చట్టానికి అదే ఏడాది చేసిన సవరణతో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. దాని మీద రాజమండ్రిలో ఒక అభిప్రాయం, భద్రాచలంలో ఇంకో అభిప్రాయం, చింతూరులో మూడో అభిప్రాయం ఉన్నాయి. ఈ మూడు ఊళ్ల విద్యార్థులు ఒక వేదిక మీద మాట్లాడుకున్న దాఖలా మీలో ఎవరికైనా తెలుసా? చేపల చెరువుల పక్క ఊళ్లలో మంచినీళ్ల సంగతి, 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఊరు కాలిపోయిన సంగతి, ఇలాంటివన్నీ మన గుమ్మం ముందున్న విషయాలు.

ఇవన్నీ పెడితే రాజకీయాలు దూరతాయి, కొట్లాటలవుతాయి అని ప్రిన్సిపాళ్లు నాతో అంటుంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. డెబ్భైలు, ఎనభైలలో మన ప్రాంగణాల్లో నెత్తురు పారింది. ఎన్నికల పేరుతో కత్తులు లేచాయి, తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. అందుకే ఎనభైల చివర ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయాయి. అయితే దాదాపు అదే కాలంలో, 1989 మార్చిలో, 61వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి 18 ఏళ్లకే ఓటు హక్కు ఇచ్చింది. దేశం డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థిని పిలిచి ప్రభుత్వాన్ని ఎన్నుకో అంది. కళాశాల అదే విద్యార్థిని నోరు మూసుకో అంది. ఓటు ఇచ్చి, వాదించడం నేర్పకుండా వదిలేసి మూడు దశాబ్దాలు దాటింది. దాని ఫలితం మన టీవీ చర్చల్లో, ఊరి రచ్చబండల దగ్గర, కులసంఘాల వాట్సాప్ గ్రూపుల్లో చూస్తున్నాం. ఎదుటివాడి మాట సగంలో తెంచడం, మాటకు జవాబు దొరక్కపోతే పుట్టుకను ఎత్తిపొడవడం చదువుకున్నవాళ్ల అలవాటు అయిపోయింది.

కొట్లాటకు, చర్చకు తేడా నియమంలో ఉంది. తీర్మానాన్ని ముందే రాతలో పెట్టాలి. రెండు పక్షాలకు సమానకాలం ఇవ్వాలి. ఒక విద్యార్థికి తాను నమ్మని పక్షం ఇచ్చి వాదించమనాలి. ఇది నేను మరీ మరీ కోరుతున్నాను, ఎదుటివాడి మనసు తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి సాధనం లేదు. మనుషుల కులాన్ని, మతాన్ని, ఆడపిల్లల నడతను దూషించేవాడిని అధ్యక్షుడు వెంటనే ఆపాలి. రాజ్యాంగం 19వ అధికరణంలో భావప్రకటనా స్వేచ్ఛ ఇచ్చింది, దాని పక్కనే హేతుబద్ధమైన పరిమితులూ రాసింది. ఎవరి పుట్టుకనైనా తూలనాడడం వాదం కాదు, దానికి వేదిక ఇవ్వవలసిన బాధ్యత ఏ కళాశాలకూ లేదు. కానీ ప్రభుత్వ విధానాన్ని, పార్టీని, ప్రాజెక్టును, కంపెనీని, చివరికి కళాశాల యాజమాన్యాన్ని విమర్శించడం దూషణ కాదు. ఈ గీత ఎక్కడ గీయాలో ప్రిన్సిపాల్ గారు ముందే ప్రకటించి, పైనుంచి ఫోన్ వచ్చినప్పుడు దాని మీద నిలబడాలి. తారాచంద్ చక్రవర్తి 1843లో నిలబడ్డాడు. స్వతంత్ర దేశంలో మనం నిలబడలేమా?

గ్రంథాలయం లేని చర్చ అరుపులకే దారి తీస్తుంది. హరిసర్వోత్తమరావు గారు ఉపన్యాసాలతో ఆగిపోకుండా గ్రంథాలయాల వైపు ఎందుకు నడిచారో ఆలోచిస్తే, ఆయనకు ఈ సంగతి అనుభవంలో తెలిసిందనే అనిపిస్తుంది. సభకు రెండు వారాల ముందు ఆ విషయం మీద ఉన్న పుస్తకాలు, కమిటీ నివేదికలు, చట్టం ప్రతి, పాత పత్రికలు ఒక బల్ల మీద పెట్టండి. నివేదిక దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం విద్యార్థులకు నేర్పండి. 2005 నుంచి ఆ చట్టం ఉంది. ఒక్క దరఖాస్తు రాసిన విద్యార్థికి ప్రభుత్వం ఎలా నడుస్తుందో పాఠ్యపుస్తకం మొత్తం చదివినదానికంటే బాగా తెలుస్తుంది.

ఈ కళాశాల యాజమాన్యాన్ని, అధ్యాపకులను నేను కోరేది ఇది. నెలకొక సాయంత్రం ఈ హాలు ఊరికి తెరవండి. పాలవాడు, ఆటో నడిపే అబ్బాయి, రిటైరైన తహసీల్దారు, అంగన్‌వాడీ టీచరు అందరూ వచ్చి కూర్చోనివ్వండి. వక్తకు ఎంత సమయమో ప్రశ్నలకూ అంతే సమయం ఇవ్వండి. మొదటి ప్రశ్న ఒక అమ్మాయిని అడగనివ్వండి, ఎందుకంటే మొదట మగపిల్లలు లేస్తే ఆడపిల్లలు ఆ తర్వాత లేవడం లేదని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. శాలువాల డబ్బుతో పుస్తకాలు కొనండి. విద్యార్థులను నేను కోరేది ఒకటే: విషయం మీరే ఎంచుకోండి, మీ ఇంట్లో జరిగే వాదంలోంచే ఎంచుకోండి.

చివరిగా నిర్వాహకులకు ఒక మనవి. స్మారకోపన్యాసాలను అచ్చువేసే మంచి అలవాటు మీకుంది. ఈసారి నా మాటలతో పాటు, ఇప్పుడు ఈ సభలో అడగబోయే ప్రశ్నలను కూడా, ముఖ్యంగా నాతో విభేదించే ప్రశ్నలను, అడిగినవారు చెప్పినట్టే అచ్చువేయండి. నేను జవాబు చెప్పలేకపోయినవి ఉంటే వాటిని ముందు పెట్టండి.